ఎవరికీ చెప్పవద్దన్న చోట ఆగండి

(చెన్నై త్యాగరాయనగర్‌లో జరిగిన తెలుగువారి సాయంకాలపు సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఆఫీసు నుంచి నేరుగా ఇటు వచ్చి కూర్చున్న యువతీయువకులకు, మనవలను వెంటబెట్టుకుని వచ్చిన తల్లులకు నా నమస్కారాలు.

మోసపోకుండా ఉండడం ఎలా అన్నది ఒక ప్రశ్న అనీ, నిజాయితీగా బతకడం ఎలా అన్నది దానితో సంబంధం లేని మరొక ప్రశ్న అనీ మనం సాధారణంగా అనుకుంటాం. మొదటిదానికి తెలివి కావాలి, రెండోదానికి నీతి కావాలి అంటాం. లోకం తెలిసినవాడు మొదటిది చూసుకుంటాడనీ, అమాయకుడు రెండోదాన్ని పట్టుకుని వేలాడతాడనీ అనేవారు కూడా ఉన్నారు. నాకు ఆ విభజన సరైనదిగా తోచదు. ఈ నగరంలో మన కుటుంబాల మధ్య తిరుగుతూ, మోసపోయినవారి మాటలు వింటూ నేను గ్రహించింది ఏమిటంటే, ఒక మనిషిని లొంగదీసుకోదలచినవాడు ముందుగా ఆ మనిషి చేతనే ఏదో ఒక నిజాన్ని దాచిపెట్టిస్తాడు. భార్యకు చెప్పవద్దంటాడు, బ్యాంకులో అడిగితే వేరే కారణం చెప్పమంటాడు, మనసులో పుట్టిన సందేహాన్ని పైకి అనడమే తప్పన్నట్టు ప్రవర్తిస్తాడు. ఆ మొదటి దాపరికం దగ్గర మనిషి మొరాయిస్తే మిగతా పన్నాగం ముందుకు సాగదు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఇది సెల్‌ఫోన్లు వచ్చాక పుట్టిన జాడ్యం కాదు. మన మద్రాసులోనే 1906 అక్టోబరు 22న ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసింది. అది దొరల కంపెనీ, ప్రభుత్వంలో పలుకుబడి ఉన్న పేరు. పింఛను మీద బతికే ఉద్యోగులు, చిన్న వ్యాపారులు, జిల్లాల్లోని కుటుంబాలవారు తాము కూడబెట్టుకున్నదంతా తెచ్చి అక్కడ దాచుకున్నారు. లోపల పరిస్థితి చెడిపోయిన సంగతి బయటికి పొక్కనీయకుండా ఆ కంపెనీ డిపాజిట్లు తీసుకుంటూనే పోయింది. చివరికి సర్ జార్జి ఆర్బత్‌నాట్‌కు 18 నెలల కఠిన కారాగార శిక్ష పడింది గానీ, దాచుకున్నవారి డబ్బు చాలావరకు పోయింది. ఆ దెబ్బ తిన్న తరువాతే న్యాయవాది వి. కృష్ణస్వామి అయ్యర్ వంటివారు పూనుకోగా 1907లో ఇండియన్ బ్యాంకు ఏర్పడింది. అంతటి పెద్ద పేరును లెక్కలు చూపమని అడగడమే అమర్యాద అని ఆనాటివారికి అనిపించి ఉండాలి. ఆ మొహమాటం నేటికీ మనలో ఉంది, దాని సంగతికి తరువాత వస్తాను.

ఇప్పుడు వేషం మారింది. 'డిజిటల్ అరెస్ట్' అనే మాట మీరందరూ వినే ఉంటారు. మీ పేరు మీద వచ్చిన పార్సిల్‌లో మాదకద్రవ్యాలు దొరికాయనో, మీ ఆధార్‌తో తీసుకున్న సిమ్ నేరానికి వాడారనో ఫోను వస్తుంది. కాసేపటికి అది వీడియో కాల్ అవుతుంది, తెర మీద యూనిఫాం వేసుకున్న మనిషి, వెనుక గోడ మీద జాతీయ చిహ్నం కనిపిస్తాయి. మిమ్మల్ని అరెస్టు చేశాం, కెమెరా ముందు నుంచి కదలకూడదు, ఇది రహస్య విచారణ కనుక ఇంట్లోవారికి కూడా చెప్పకూడదు, మీ డబ్బు సక్రమమైనదో కాదో తేలేవరకు మేము చెప్పిన ఖాతాలో వేయాలి అంటారు. మన చట్టంలో అటువంటి అరెస్టు లేదు. ఆ మాటను 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి స్వయంగా మన్ కీ బాత్ ప్రసంగంలో చెప్పారు, 2025లో సుప్రీంకోర్టు ఈ మోసాలను తనంత తానుగా విచారణకు తీసుకుంది. ఇంత ప్రచారం జరిగినా, పెద్ద చదువులు చదివినవారు, ఉన్నతోద్యోగాలు చేసి విరమించినవారు, వైద్యులు కూడా ఈ వలలో పడుతూనే ఉన్నారు.

నాకు తెలిసిన ఒక పెద్దాయన, ఉద్యోగ విరమణ తరువాత అంబత్తూరులో స్థిరపడినవారు, పేరు చెప్పకుండా తన సంగతి చెప్పడానికి నాకు అనుమతి ఇచ్చారు. ఆయనకు ఉదయం కాఫీ వేళకు ఫోను వచ్చింది. కెమెరా ఆపకూడదన్నారు కనుక ఫోనును కిటికీ గూట్లోని పంచాంగానికి ఆనించి, దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. భార్య ఇడ్లీల పళ్ళెం తెచ్చి తలుపు తడితే, పింఛను ఆఫీసువాళ్ళతో మాట్లాడుతున్నాను, తరువాత తింటాను అన్నారు. ఆవిడ పళ్ళెం గుమ్మం దగ్గరి స్టూలు మీద పెట్టి, పైన మరో పళ్ళెం బోర్లించి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం ఆయన బ్యాంకుకు బయలుదేరారు, చొక్కా జేబులో ఫోను, కాల్ నడుస్తూనే ఉంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువుకు ముందే ఎందుకు తీసేస్తున్నారని అడిగితే ఊళ్ళో పొలం కొంటున్నానని చెప్పమని వాళ్ళే నేర్పి పంపించారు. కౌంటర్‌లోని అమ్మాయి అడిగింది, ఆయన ఆ మాట అప్పజెప్పారు. ఆ అమ్మాయి ఫారం మీద ముద్ర వేయబోతూ, మాట వరుసకు, తమిళంలో, 'ఏ ఊరు సార్?' అంది. దానికి వాళ్ళు జవాబు నేర్పలేదు. ఆయన తన సొంత ఊరి పేరు చెప్పబోయారు, అక్కడ పొలం కొనడం లేదు కదా అన్నది గుర్తుకు వచ్చింది, నోట మాట రాలేదు. చెయ్యి కౌంటర్ అంచును పట్టుకుని వణుకుతుంటే ఆ అమ్మాయి ముద్ర పక్కన పెట్టి లేచి వచ్చి, ఆయన్ను మేనేజరు గదిలో కూర్చోబెట్టి, జేబులోని ఫోను తీసి బల్ల మీద పెట్టించి ఆపించింది.

నిజాయితీపరులందరూ ఇలాగే బయటపడతారని నేను అనను. ఏ పాపమూ ఎరగనివారు జీవితమంతా కూడబెట్టినది పోగొట్టుకున్నారు, వారిలో ఏ లోపమూ లేదు, నేరమంతా మోసం చేసినవాడిదే. నేను మిమ్మల్ని చూడమనేది ఆ పన్నాగం నడిచిన తీరును. ఆ మోసగాళ్ళు ఎక్కడో దూరాన కూర్చున్నవారు. ఆయన ఇంటి తలుపు వాళ్ళు మూయలేరు, బ్యాంకు తలుపూ మూయలేరు. ఆ రెండు తలుపులనూ ఆయన చేతనే, రెండు అబద్ధాలతో, మూయించారు. ఉదయం ఆవిడ ఇడ్లీ తెచ్చినప్పుడు, ఎవరో పోలీసులట, నన్ను అరెస్టు చేశామంటున్నారు అని ఒక్క మాట అని ఉంటే ఆవిడ వచ్చి పక్కన నిలబడేది, కూతురికి ఫోను చేసేది, పక్కింటివారిని పిలిచేది. నిజమైన పోలీసు అధికారి ఎవరూ భార్యకు చెప్పవద్దని అనడు. నిజంగా అరెస్టు చేస్తే బంధువులకో స్నేహితులకో తెలియజేయవలసిన బాధ్యత చట్టం ప్రకారం పోలీసులదే. కనుక ఎవరికీ చెప్పవద్దన్న మాట వినపడగానే, అది ఎంత పెద్ద హోదా పేరుతో వచ్చినా, ఆ క్షణమే ఇంట్లో ఎవరినో ఒకరిని పేరు పెట్టి గట్టిగా పిలవండి.

మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు ఎంత తేలికగా లొంగుతాడో, పక్కన మరొకరు నిజం పలికితే ఎంత నిబ్బరంగా నిలబడతాడో మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేసి చూశారు. 1951లో అమెరికాలో సాలమన్ ఆష్ అనే ఆచార్యుడు విద్యార్థులకు ఒక గీతను చూపి, మరో కార్డు మీది మూడు గీతల్లో దానితో సమానమైనది ఏదో చెప్పమన్నాడు. బడికి వెళ్ళని పిల్లవాడు కూడా చెప్పగల జవాబు అది. అయితే ఆ గదిలో ఒక్కరు తప్ప మిగతావారంతా ముందే కూడబలుక్కుని తప్పు జవాబు చెప్పేవారు. ఆ సంగతి తెలియని ఆ ఒక్కరు, కళ్ళెదుట నిజం కనిపిస్తున్నా, మొత్తం మీద మూడోవంతు సార్లు గుంపుతోపాటు తప్పే చెప్పారు. గుంపులో మరొక్క మనిషి చేత నిజం చెప్పించినప్పుడు మాత్రం ఆ తప్పులు బాగా తగ్గిపోయాయి.

యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ చేసిన ప్రయోగం ఇంతకంటే కఠోరమైనది. పక్కగదిలోని మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా 15 వోల్టుల చొప్పున పెంచుతూ అతనికి షాకు ఇవ్వాలని వచ్చినవారికి చెప్పారు. నిజానికి షాకు లేదు, అవతలివాడు నటిస్తున్నాడు, ఆ సంగతి మీట నొక్కేవారికి తెలియదు. 1963లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 40 మందిలో 26 మంది చివరి మీట, అంటే 450 వోల్టుల దాకా వెళ్ళారు. మరో విడతలో, పక్కన ఇద్దరిని కూర్చోబెట్టి, వారు మధ్యలో మేము చేయమని లేచిపోయేలా ఏర్పాటు చేశారు. అప్పుడు చివరిదాకా వెళ్ళినవారు 40 మందిలో నలుగురే. వచ్చినవారిని మభ్యపెట్టి చేసిన ఇటువంటి ప్రయోగానికి ఈనాడు అనుమతి దొరకదు, దొరకకూడదు కూడా, ఆ సంగతి కూడా ఇక్కడే చెప్పడం నా ధర్మం. కానీ అది చూపించినవి రెండు మనకు ఈనాటికీ అవసరం. ఎవరూ ఒక్కసారిగా 450 వోల్టులు ఇవ్వమని అడగరు, 15తో మొదలుపెట్టిస్తారు. రెండోది, పక్కన కూర్చున్నవాడు నేను చేయను అంటే అది అతని ఒక్కడి ఆత్మను కాపాడి ఊరుకోదు, చూస్తున్నవాడికి కూడా లేచిపోయే ధైర్యాన్ని ఇస్తుంది.

ఆ 15 వోల్టుల మెట్లు మన పిల్లల జీవితాల్లో ఎలా ఉంటాయో చెబుతాను, ఎందుకంటే ఈ సభలో ఓఎంఆర్ రోడ్డు మీది సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసేవారూ, పని కోసం వెతుకుతున్నవారూ ఉన్నారు. ఊరి నుంచి ఇంజనీరింగ్ పూర్తి చేసుకుని వచ్చిన కుర్రవాడు షోలింగనల్లూరులోనో వేళచ్చేరిలోనో పీజీలో దిగుతాడు. నెలలు గడుస్తాయి, ఇంటి నుంచి ఫోను వచ్చినప్పుడల్లా ఇంటర్వ్యూ బాగా జరిగిందని చెబుతుంటాడు. ఇంతలో ఎవరో ఒక కన్సల్టెన్సీ గురించి చెబుతారు. ఫ్రెషర్‌కు ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, మూడేళ్ళ అనుభవం చూపిస్తాం, జీతం స్లిప్పులు మేమే ఇస్తాం, ఈ గదిలో ఉన్నవాళ్ళంతా అలా చేరినవాళ్ళే అంటారు. చివరి మాట చాలా బలమైనది, ఆష్ గదిలో వినిపించిన గొంతు అదే. ఆ కుర్రవాడు డబ్బు కడతాడు, ఉద్యోగం వస్తుంది. ఆ తరువాత మొదలయ్యే జీవితాన్ని తల్లిదండ్రులు చూడరు. పాత ఉద్యోగాల గురించి ఆరా తీసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అన్న మాట మెయిల్‌లో కనిపిస్తే అతనికి అన్నం సహించదు. పని అర్థం కాకపోతే పక్కవాణ్ణి అడగలేడు, మూడేళ్ళు చేసినవాడికి ఇది తెలియదా అంటారని భయం. మళ్ళీ కంపెనీ మారాలంటే అదే కన్సల్టెన్సీ దగ్గరికి వెళ్ళాలి, వాళ్ళు అడిగినంత ఇవ్వాలి, ఎందుకంటే అతని అబద్ధం వాళ్ళ బీరువాలో ఉంది. ఎవరి దగ్గరికి వెళ్ళి చెప్పుకోగలడు? తాను మోసపోయానని చెప్పాలంటే తాను మోసం చేశానని కూడా చెప్పాలి కదా!

ఆ పిల్లలను దొంగలని తిట్టి ఊరుకోవడం నాకు సమ్మతం కాదు. ఇంటర్వ్యూ బాగా జరగలేదు నాన్నా, ఇంకో ఆరు నెలలు పట్టేట్టుంది అని చెప్పగలిగే ఇల్లు అతనికి ఉంటే ఆ కన్సల్టెన్సీ మెట్లు ఎక్కేవాడు కాడు. ఊళ్ళో నలుగురూ అడుగుతున్నారు, ఏమని చెప్పమంటావు అని మనం ఫోనులో అన్న మాటే అతన్ని అటు తోసింది. అంతగా అడిగేవారికి చెప్పడానికి తేలికైన జవాబు ఉంది: ఇంకా రాలేదండీ, వెతుకుతున్నాడు.

వ్యాపారంలో జరిగే ఒత్తిడి గురించి ఎక్కువసేపు మాట్లాడను, ఎందుకంటే అందులో ఇప్పుడు చట్టం కొంత ముందుకు వచ్చింది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ వ్యాపారంలో జరిగే 13 రకాల మాయలను గుర్తించి, వాటిని నిషేధిస్తూ మార్గదర్శకాలు జారీ చేసింది. ఇంకా రెండే మిగిలాయి, పది నిమిషాల్లో ఆఫర్ ముగుస్తుంది అని లేని తొందర పుట్టించడం, మనం కోరనిదాన్ని బిల్లులో చేర్చడం, మొదట ఒక ధర చూపి చివర్లో మరికొన్ని రుసుములు కలపడం, చందా కట్టడం తేలికగానూ మానడం కష్టంగానూ ఉంచడం, వద్దన్నవారిని సిగ్గుపడేలా చేసే మాటలు బటన్ మీద రాయడం వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. ఇటువంటివి ఎదురైతే వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫిర్యాదు చేయవచ్చు. తెర మీది మాయలకు ఈ పేర్లు ఇప్పుడు వచ్చాయి గానీ, తమిళుల ఆడి మాసపు తగ్గింపు రోజుల్లో ఇక్కడి ఉస్మాన్ రోడ్డు దుకాణాల మధ్య నడిచిన వారందరికీ వాటి పెద్దన్నలు పరిచయమే. నేను పాటించేదీ, మీకు చెప్పదగినదీ ఒక్క వాక్యం ఉంది: ఇంటికి వెళ్ళి ఆలోచించుకుని రేపు వస్తాను. మంచి సరుకు అమ్మేవాడికి ఆ మాటతో ఇబ్బంది లేదు. ఆ మాట వినగానే ముఖం మార్చుకునేవాడి దగ్గర ఏమి కొనబోతున్నామో మరోసారి చూసుకోవడం మంచిది.

ఇక్కడే ఇందాక చెప్పిన మొహమాటం అడ్డం వస్తుంది. ఫోనులో మాట్లాడుతున్న మనిషి మాట పూర్తి కాకుండా పెట్టేయడం అమర్యాద అని మనకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. కాఫీ ఇచ్చి, కూర్చోబెట్టి, అరగంట సేపు చీరల మడతలన్నీ విప్పి చూపించిన దుకాణదారుడికి వద్దని చెప్పడం మనకు తప్పు చేసినట్టు అనిపిస్తుంది. ఇది మంచి పెంపకమే, దాన్ని వదులుకోమని నేను చెప్పను. అయితే మర్యాద అనేది నిజం చెప్పే పద్ధతికి సంబంధించినది. నాకు అవసరం లేదండీ, ఉంటాను అని మెల్లగా చెప్పి ఫోను పెట్టేయడంలో అమర్యాద ఏమీ లేదు. రేపు చేయండి, చూద్దాం, మా ఆయన్ను అడిగి చెబుతాను అనే మాటలు, చేసే ఉద్దేశం లేనప్పుడు, మర్యాద ముసుగు వేసుకున్న అబద్ధాలు. వాటి వల్లే మర్నాడు మళ్ళీ ఫోను వస్తుంది, రెండోసారి కాదనడం మొదటిసారి కంటే కష్టమవుతుంది.

బయటివారి సంగతి ఇంతవరకు చెప్పాను. మనం ఒకరినొకరం ఆడించే తీరు గురించి చెప్పకపోతే నేను సగమే మాట్లాడినవాణ్ణి అవుతాను. మన బంధువర్గంలో పాలసీలు అమ్మేవారు లేని ఇల్లు ఉండదు, అది గౌరవమైన వృత్తే. కానీ మార్చి నెల వచ్చేసరికి, అక్కయ్యా, ఇది ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిదే, నీ మేలు కోరి చెబుతున్నాను అని పేరంటంలో పసుపు కుంకుమల మధ్య ఫారం మీద సంతకం పెట్టించడం మనం చూశాం. ఆ అక్కయ్య ఏటా ఎంత కట్టాలో, మధ్యలో మానితే ఎంత పోతుందో ఆ ఫారంలో ఉంది, ఆవిడకు మాత్రం ఎవరూ చెప్పలేదు. అదే తమ్ముడు, నాకు ఈ నెలలో టార్గెట్ ఉంది అక్కా, నువ్వు ఒకటి తీసుకుంటే నాకు సాయం అవుతుంది, ఏటా ఇంత కట్టాలి, పదిహేనేళ్ళు కట్టాలి, ఆలోచించు అని అని ఉంటే ఆవిడ బహుశా సంతోషంగా సాయం చేసి ఉండేది, లేదా కాదని ఉండేది. రెండూ ఆవిడ నిర్ణయాలే అయ్యేవి. పాలసీ కాగితాలు చేతికి వచ్చిన 30 రోజుల్లోగా వద్దని తిరిగి ఇచ్చేసే హక్కు మనకు ఉంది, కొద్దిపాటి ఖర్చులు మినహాయించుకుని మిగతా డబ్బు వెనక్కి ఇస్తారు. ఆ హక్కును తమ్ముడి మీద వాడడానికి మనసొప్పదు, అందుకే బంధుత్వం ద్వారా అమ్మేవాడికి బాధ్యత మరింత ఎక్కువ.

వామనుడికి మూడడుగుల నేల ఇస్తానన్న బలి చక్రవర్తికి శుక్రాచార్యుడు చెప్పిన సలహా భాగవతంలో ఉంది, మనవాళ్ళు చాలామందికి అది కంఠతా వచ్చు. ఆడవారి విషయంలో, పెళ్ళిళ్ళలో, ప్రాణానికీ ధనానికీ మానానికీ ముప్పు వచ్చినప్పుడు బొంకవచ్చు, దోషం లేదు అన్నది అందులోని మాట. అవసరం వచ్చినప్పుడల్లా మనం ఆ పద్యం చదువుతాం. ఆ సలహా విన్న బలి దాన్ని పాటించలేదన్న సంగతి మాత్రం మన తలపుకు రాదు. వచ్చినవాడు ఎవరో, ఆ మూడడుగుల వెనుక ఏముందో గురువు విప్పి చెప్పాడు. అంతా తెలిసిన తరువాతే, ఆడిన మాట తప్పనని బలి ధార పోశాడు. తెలిసి ఇచ్చినవాడిని ఎవరూ మోసపోయాడని అనరు. నాకు ఆ కథలో గొప్పగా తోచేది ఆ దానం కంటే కూడా ఆ తెలివిడి.

శుక్రాచార్యుడి జాబితాలో పెళ్ళి ఉన్నందుకే కాబోలు, నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు అనే సామెతను మన ఇళ్ళలో ధర్మశాస్త్రంలా వల్లిస్తారు. ఆ నూరు అబద్ధాలు ఏమిటో దగ్గరగా చూడండి. అబ్బాయిది కాంట్రాక్టు ఉద్యోగం, పర్మనెంట్ అని చెబుతారు. ఇంటి మీద అప్పు ఉంది, సొంత ఇల్లు అని మాత్రమే చెబుతారు. అమ్మాయికి చిన్నప్పటి నుంచీ మూర్ఛ ఉంది, మందు వేసుకుంటే అదుపులో ఉంటుంది, ఆ మందుల డబ్బా పెళ్ళివారు వచ్చిన రోజున బియ్యం డ్రమ్ము వెనక్కి వెళుతుంది. పెళ్ళయ్యాక ఆ పిల్ల అత్తగారింట్లో మందు ఎక్కడ దాచుకోవాలి, ఎవరూ చూడకుండా ఎప్పుడు వేసుకోవాలి? రెండు రోజులు వేసుకోవడం కుదరకపోతే ఏమవుతుందో మనకు తెలియదా? అబద్ధం మనం ఆడి, దాన్ని మోసే బరువు ఆ పిల్ల నెత్తిన పెట్టాం. హిందూ వివాహ చట్టం, 1955లోని 12వ సెక్షన్ ప్రకారం, ముఖ్యమైన విషయాన్ని దాచి, మోసంతో సమ్మతి తీసుకుంటే, ఆ మోసం బయటపడిన ఏడాదిలోగా పెళ్ళిని రద్దు చేయమని కోర్టును కోరవచ్చు. కోర్టు సంగతి అటుంచి, ముందుగా చెప్పేస్తే వచ్చే నష్టం ఏమిటి? కొన్ని సంబంధాలు తప్పిపోతాయి. అవి ఎలాగూ నిలిచేవి కావు. జబ్బు, అప్పు, ఇదివరకటి పెళ్ళి లేదా నిశ్చితార్థం, ఉద్యోగం అసలు స్థితి, ఈ నాలుగూ తాంబూలాలు మార్చుకోకముందే పెద్దల మధ్య కాకుండా అమ్మాయీ అబ్బాయీ నేరుగా ఒకరికొకరు చెప్పుకునేలా చేయండి. అలా చెప్పుకుని చేసుకున్న పెళ్ళిళ్ళు నేను చూశాను. అప్పు సంగతి విని కూడా ఒప్పుకున్న పిల్ల, ఆ అప్పు తీర్చడంలో భర్త కంటే ముందు నిలబడింది.

పిల్లల విషయంలో మనం చేసే ఒక పనిని ఈ రోజు నుంచే మానమని చేతులు జోడించి అడుగుతున్నాను. అన్నం తినకపోతే పోలీసు వచ్చి పట్టుకుపోతాడని చెప్పవద్దు. ఆ మాట మూడేళ్ళ పిల్లవాడి చేత రెండు ముద్దలు తినిపిస్తుంది, నిజమే. కానీ యూనిఫాం కనిపిస్తే నోరు మూసుకుని చెప్పింది చేయాలి అన్న పాఠం అప్పుడే వాడి ఒంట్లోకి వెళుతుంది. అరవై ఏళ్ళు దాటాక వీడియో కాల్‌లో యూనిఫాం చూసి వణికే మనిషికి ఆ వణుకు ఎక్కడ మొదలైందో వెతికితే అన్నం ముద్దల దగ్గరికే చేరతామని నా నమ్మకం. అలాగే, అప్పులవాడు వస్తే నాన్న ఇంట్లో లేడని చెప్పు అని పిల్లల చేత పలికించవద్దు. అమ్మకు చెప్పకు, మనిద్దరి మధ్యే ఉండాలి అని ఏ పెద్దవాడైనా అంటే, ఆ మాటనే వెంటనే అమ్మకు చెప్పాలని మనం వాళ్ళకు నేర్పవలసి ఉండగా, రహస్యాలు మోయడాన్ని మనమే అలవాటు చేస్తున్నాం. చాక్లెట్ కొనిపెట్టిన సంగతి అమ్మకు చెప్పకు అని ప్రేమతో అనే తాతగారు కూడా, ఆ పిల్లవాడి మేలు కోరి, ఆ మాట మానాలి.

నిజాయితీ అంటే అడిగినవారందరికీ అన్నీ చెప్పడమా అని ఒక మిత్రుడు ఈ సభకు ముందు నన్ను అడిగారు. కాదు. ఓటీపీ, పిన్ను, ఖాతాలో ఎంత ఉందన్నది ముక్కూమొహం తెలియనివాడికి చెప్పవలసిన అవసరం ఎవరికీ లేదు, బ్యాంకు సిబ్బందికి కూడా ఓటీపీ చెప్పకూడదు. జబ్బు చేసిన మనిషి తన సంగతి ఎవరితో చెప్పుకోవాలన్నది ఆ మనిషి ఇష్టం. చెప్పను అనడం కూడా నిజం పలకడమే, దానికి సాకులు కల్పించవలసిన పని లేదు. నిజం పేరుతో నలుగురిలో ఒకరి మనసు గాయపరచడాన్ని కూడా నేను సమర్థించను.

ఇక మన ఇంట్లోనే ఎవరైనా మోసపోతే ఏం చేయాలన్నది చెప్పి ముగిస్తాను, ఎందుకంటే మోసం తరువాత జరిగేదే మరో మోసానికి దారి తీస్తుంది. పోగొట్టుకున్న పెద్దవారు చాలామంది రోజుల తరబడి నోరు విప్పరు. డబ్బు కంటే, ఇంత చదువుకుని ఇలా ఎలా చేశావు అని కొడుకు అనే మాటకు ఎక్కువ భయపడతారు. ఆ మౌనంలోనే డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు, అక్కడి నుంచి మరికొన్ని ఖాతాలకు వెళ్ళిపోతుంది. త్వరగా తెలిస్తే మధ్యలో ఎక్కడో ఒక చోట దాన్ని నిలిపివేయించే అవకాశం ఉంటుంది. కాబట్టి ఇంట్లో పెద్దలతో ముందుగానే, ఇప్పుడే, ఏమీ జరగకముందే చెప్పి ఉంచండి: ఎప్పుడైనా ఇటువంటిది జరిగితే నాకు చెప్పండి, నేను ఒక్క మాట కూడా అనను. అన్న మాట మీద నిలబడండి. వాళ్ళు చెప్పిన క్షణాన, ఎందుకు, ఎలా అన్న ప్రశ్నలు పక్కన పెట్టి, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి. లావాదేవీ నంబరు, తేదీ, సమయం, ఎంత మొత్తం, ఏ ఖాతాకు వెళ్ళిందన్నది వాళ్ళు అడుగుతారు, వాటిని ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫిర్యాదుకు ఇచ్చిన నంబరు రాసుకుని, బ్యాంకు శాఖకు అదే రోజున వెళ్ళి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. పెద్దాయన్ను ఒంటరిగా పంపకుండా మీరు కూడా వెంట వెళ్ళండి, కౌంటర్ దగ్గర జరిగింది జరిగినట్టు ఆయన చేతనే చెప్పించండి, మధ్యలో అందుకోకండి.